మేనమామ గంప

18 జనవరి 2018, గురువారం

ఈ డైరీ నాకై నేను మొదలుపెట్టింది కాదు. లైఫ్ కోచ్ రాయమంది. రోజూ భోజనం అయ్యాక కాసేపు కూర్చుని తోచింది రాయాలట. ఎవరికీ చూపించక్కర్లేదు, ఆవిడకి కూడా. "చూపించకపోతే రాశానో లేదో మీకెలా తెలుస్తుంది?" అన్నాను. "మీకు తెలుస్తుంది కదండీ," అంది. ఫరవాలేదు, తెలివైనదే.

నిజానికి నాకు కోచ్ అవసరం లేదు. నెల్లిమర్ల దారిలో గోనెసంచుల ఫ్యాక్టరీ నాది. మూసేద్దామనుకున్నవాళ్ల దగ్గర కొని నిలబెట్టాను. విజయనగరంలో పృథ్వీరాజ్ అంటే ఆటోవాడు కూడా దారి చెప్తాడు. బీపీకి రెండో మాత్ర మొదలయ్యాక సుభద్ర పట్టుబట్టింది. "పెద్ద పెద్ద కంపెనీల వాళ్లందరికీ కోచ్‌లున్నారట. నువ్వేం తక్కువ?" అంది. మా ఆవిడకి నన్ను ఎక్కడ నొక్కాలో తెలుసు.

కోచ్ పేరు షీబా. కంటోన్మెంట్‌లో ఉండే ఏసుదానం మాస్టారి కూతురు. బెంగుళూరులో కంపెనీల్లో చేసి వచ్చింది. శనివారం శనివారం వస్తుంది.

20 జనవరి, శనివారం

షీబా పొద్దున్నుంచి నా గదిలో ఓ మూల కూర్చుని నేను పనిచేసే తీరు చూసింది. నేను మామూలుగానే ఉన్నాను. కాస్త ఎక్కువ చురుగ్గా కూడా ఉన్నాను. సూపర్‌వైజర్ సోముల్ని ఎప్పట్లాగే పిలుస్తూనే ఉన్నాను. "ఒరే బావా, మూడో మగ్గం ఏటయింది? ఒరే బావా, లోడు ఎత్తినారా నేదా? ఒరే బావా, ఈయేళ కూడా ఎనిమిదింటిదాకా ఉండిపో, నువ్వెలిపోతే ఇక్కడ ఎవుడు సూస్తాడు?"

వాడు వెళ్లాక ఆవిడ అడిగింది. "మీ సూపర్‌వైజర్ గారు మీకు బంధువా?"

"రక్తసంబంధం కాదు. ఒకే ఊరివాళ్లం. వాడి భార్య లక్ష్మణమ్మ నాకు వరసకి చెల్లెలు. దానికి తోడబుట్టిన మగపిల్లల్లేరు. అంచేత వాళ్లమ్మాయి ఈశ్వరికి నేనే మేనమామని. చెవులు కుట్టించినప్పుడు నా ఒళ్లోనే కూర్చుంది. ఏడ్చి చీమిడంతా నా కొత్త చొక్కాకి తుడిచింది. మార్చి నాలుగున దాని పెళ్లి. గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకెళ్లేది నేనే. దీపావళికే మేదరివాళ్ల చేత గంప అల్లించి కారు షెడ్డులో పెట్టాను."

ఆవిడ నవ్వింది. తర్వాత నెమ్మదిగా అంది. "మరి ఆయన్ని రోజూ ఎనిమిదింటిదాకా ఎందుకు ఉంచేస్తారు? సూపర్‌వైజర్‌ని ఉండమంటే కుదరదు అనొచ్చు. 'బావా, ఉండిపో' అంటే ఎలా కాదంటారు? పని అడిగేటప్పుడు చుట్టరికాన్ని అడ్డం పెట్టుకోకండి. ఏం పని, ఎప్పటిదాకా, అది చెప్పి అడగండి."

తగిలింది. ఒప్పుకుంటాను. కానీ తగిలితే మూలుగుతూ కూర్చునే రకాన్ని కాదు నేను. సోమవారం నుంచే అమలు.

22 జనవరి, సోమవారం

ఆవిడ సగమే చెప్పింది. మిగతా సగం నేను ఆలోచించాను. ఒక్క సోములుతో మార్చుకుంటే ఏం లాభం? మార్పంటే అందరికీ ఉండాలి. నోటీసు టైపు చేయించాను.

"నేటి నుండి ఫ్యాక్టరీ ఆవరణలో బావ, మావ, బాబాయి, ఒరే, ఒసే మొదలగు పిలుపులు నిషిద్ధము. అందరూ అందరినీ పేరు పెట్టి 'గారు' చేర్చి పిలువవలెను. మేనేజింగ్ డైరెక్టర్."

ఒకటి టీ షెడ్డులో, ఒకటి గేటుకి బయటివైపు. మా ఫ్యాక్టరీ ఎంత మారిందో దారినపోయేవాళ్లు కూడా చూడాలి కదా.

నేనే మొదలుపెట్టాను. "సోములు గారూ, మూడో మగ్గం సంగతి చెప్పండి." వాడు వెనక్కి తిరిగి చూశాడు, ఇంకెవరైనా వచ్చారేమోనని. ఎవరూ లేరు. చాలాసేపు నా మొహంలోకి చూశాడు.

"బాగయిపోనాది సార్," అన్నాడు.

చూశారా. ఒక్క రోజులో.

24 జనవరి, బుధవారం

"సోములు గారూ, ఎనిమిదింటిదాకా ఉండగలరా?" అని మర్యాదగా అడిగాను. "అలాగే సార్," అన్నాడు. ఉన్నాడు. ఎప్పట్లాగే లైట్లన్నీ ఆర్పి, అందరికన్నా ఆఖర్న వెళ్లాడు. గౌరవంగా అడిగితే మనుషులు ఎంత బాగా పనిచేస్తారో.

27 జనవరి, శనివారం

షీబా రాలేదు. వాళ్ల చర్చి కన్వెన్షన్ల పనిలో కొన్నాళ్లు తీరదట. ఫోన్‌లో అడిగింది, ఎలా ఉంది అని. అద్భుతం అన్నాను.

31 జనవరి, బుధవారం

ఫ్యాక్టరీ ప్రశాంతంగా ఉంది. మగ్గాల చప్పుడు తప్ప ఇంకేం వినపడదు. ఇంతకుముందు టీ షెడ్డులో అడుగుపెడితే నా బొజ్జ మీదో, నా కొత్త కళ్లజోడు మీదో ఎవడో ఒకడు మాట విసిరేవాడు. సోములైతే మరీను, "బావ వచ్చీసినాడు, బజ్జీలు దాసీయండర్రా" అనేవాడు. ఇప్పుడు నేను వెళ్తే లేచి నిలబడుతున్నారు. బజ్జీలు నా ముందే పెడుతున్నారు.

తినబుద్ధి కాలేదు. నూనె బాగాలేదు.

6 ఫిబ్రవరి, మంగళవారం

రాయగడ పార్టీ ఫోన్ చేసి శనివారానికి రెండు లారీల సరుకు కావాలన్నాడు. సోముల్ని పిలిచి అడిగాను. "అలాగే సార్," అన్నాడు. పార్టీకి మాటిచ్చేశాను.

10 ఫిబ్రవరి, శనివారం

ఒక్క లారీయే నిండింది. రాయగడవాడు ఫోన్‌లో తెలుగులోనూ ఒడియాలోనూ తిట్టాడు.

"కుదరదని మంగళవారమే తెలుసా?" అని సోముల్ని అడిగాను.

"తెలుసు సార్."

"మరి చెప్పరేం?"

"మీరు అవుతాదన్నారు కద సార్."

ఇదివరకైతే "ఒరే బావా, నీకు బుర్ర తిరిగిందేటి, రెండు లారీలు నీ అత్తోరు నేస్తారా" అనేవాడు. అప్పుడు నేను ఎగిరేవాణ్ని, వాడు ఎగిరేవాడు, చివరికి ఒక లారీకి ఒప్పుకునేవాళ్లం. ఇప్పుడు గొడవ లేదు. గొడవ లేకపోవడం మంచిదే. బాధ్యత తీసుకోవడం నేర్పాలి వీళ్లకి. షీబాని అడగాలి.

13 ఫిబ్రవరి, మంగళవారం

ఈశ్వరి పెళ్లి కార్డు వచ్చింది. ఆఫీసు కుర్రాడు సంతకాల కాగితాలతో పాటు ట్రేలో పెట్టి తెచ్చాడు. కవరు మీద పద్ధతిగా రాసి ఉంది: శ్రీ పృథ్వీరాజ్ గారు, మేనేజింగ్ డైరెక్టర్. నాలుగు మూలలా పసుపు. అకౌంటెంటుకి ఇచ్చినదీ అలాంటిదే.

సుభద్రకి చూపించాను. తిరగేసి మరగేసి చూసింది. "మేనమామకి కార్డు పంపించి పిలుస్తారా? ఇంటికొచ్చి బొట్టు పెట్టి పిలవరా? ఏం జరిగింది?" అంది.

ఏం జరగలేదు. పెళ్లి పనుల్లో ఉంటారు, తీరిక ఉండదు. నాకేం బాధ లేదు.

15 ఫిబ్రవరి, గురువారం

సుభద్ర ఊరుకోక లక్ష్మణమ్మకి ఫోన్ చేసింది. గంప ఎత్తడానికి చీపురుపల్లి నుంచి నూకయ్య వస్తున్నాడట. లక్ష్మణమ్మకి దూరపు వరసలో అన్న. డెబ్బై ఏళ్ల మనిషి. ఎప్పుడో వీళ్ల పెళ్లికి వచ్చినవాడు, మళ్లీ ఇప్పుడే రావడం.

మంచిదే. నాకు నడుంనొప్పి ఉంది. డాక్టరు బరువులెత్తొద్దన్నాడు కూడా.

"మేనమామ చీర కొనేశాను కదా, అదేం చెయ్యను?" అంది సుభద్ర.

"గిఫ్టుగా ఇచ్చేద్దాం. అందరూ ఇచ్చినట్టే."

"గంప?"

"గోనె తుక్కు వేసుకోవడానికి పనికొస్తుంది."

నాకేం బాధ లేదు.

16 ఫిబ్రవరి, శుక్రవారం

గంప గట్టిగా ఉందో లేదో చూద్దామని షెడ్డులో అందులో కూర్చున్నాను. గట్టిదే. సుభద్ర చూసింది. లోపలికి వెళ్లిపోయింది.

17 ఫిబ్రవరి, శనివారం

షీబా వచ్చింది. నెల రోజుల ప్రగతి అంతా చెప్పాను. క్రమశిక్షణ, ప్రశాంతత, గౌరవం. ఆవిడ వింటూ రాసుకుంటోంది. ఉన్నట్టుండి అడిగింది. "ఈ నెలలో మీతో ఎవరైనా 'కాదు' అన్నారా?"

ఆలోచించాను. "ఒక్కరు కూడా అనలేదు," అన్నాను, గర్వంగానే.

ఆవిడ రాయడం ఆపేసింది. "ఏదో నోటీసు అన్నారు. అదెక్కడుంది?" అంది. గేటు దాకా నడిచివెళ్లి చదివింది. తిరిగొచ్చేసరికి బెంగుళూరు ఇంగ్లీషు ఎక్కడికి పోయిందో పోయింది.

"ఏటండీ బాబూ ఇది! నాను ఇది పెట్టమన్నానేటి?"

"భావం అదే కదా."

"అడ్డం పెట్టుకోవద్దన్నాను. తెంపీమన్నానా? పుట్టిన కాణ్నించి మా చర్చిలో అందరికీ నాను సిస్టర్ని. రేపు ఆదివారం మా థామస్ పాస్టరు గారు 'మిసెస్ షీబా గారూ' అంటే నన్ను సంఘంలోంచి తీసేసినారనుకుంటాను. ఇంటికెళ్లి ఏడుస్తాను. ఆ సోములు గారు ఏటనుకోవాలి?"

తర్వాత మామూలు గొంతుతో అంది. "నాదీ తప్పే. ఆయనతో ఒక్క మాట మాట్లాడకుండా మీ ఒక్కరికే సలహా చెప్పాను."

కోచ్‌లకి కూడా కోచ్‌లు ఉండాలన్నమాట.

నోటీసు తీసేయమంది. తీసేస్తే ఎండీ తప్పు చేశాడని అందరికీ తెలిసిపోదూ? ఆలోచిద్దాం.

25 ఫిబ్రవరి, ఆదివారం

ఊరికి వెళ్లాను. పనుండే వెళ్లాను, పొలం వైపు. దారిలోనే కదా సోములు ఇల్లు.

నన్ను చూసి వాడు గబగబా లేచి లుంగీ సర్దుకున్నాడు. "రండి సార్." లోపల్నుంచి ప్లాస్టిక్ కుర్చీ తెచ్చి, భుజం మీది తువ్వాలుతో తుడిచి వేశాడు. ఆ ఇంట్లో నేనెప్పుడూ కుర్చీలో కూర్చోలేదు. వెళ్తూనే వసారాలో మంచం మీద అడ్డంగా పడిపోయేవాణ్ని. లక్ష్మణమ్మ ఏదో ఒకటి తెచ్చి పెట్టేది, తిని అక్కడే నిద్రపోయేవాణ్ని. ఈవేళ మంచం ఖాళీగానే ఉంది. నేను కుర్చీలో నిటారుగా కూర్చున్నాను.

లక్ష్మణమ్మ గుమ్మం దగ్గర నిలబడింది. "సార్‌కి టీ ఇమ్మంటావా?" అని మొగుణ్ని అడిగింది. నా వైపు చూడలేదు.

"పెళ్లి పనులు ఎలా జరుగుతున్నాయి సోములు గారూ?" అన్నాను. ఇంకేం అనాలో తోచలేదు.

"దేవుడి దయ సార్. పెళ్లికొడుకుది శ్రీముఖలింగం దగ్గర ఊరు. మంచోళ్లు సార్."

ఆ సంబంధం చూసింది నేను. అబ్బాయి గురించి వాకబు చేయించింది నేను. నాకే చెప్తున్నాడు, ఎవరో కొత్తవాడికి చెప్పినట్టు.

టీ తాగి వచ్చేశాను. కారెక్కేటప్పుడు తలుపు వాడే తీసి పట్టుకున్నాడు. అంతకన్నా చెంపమీద కొట్టినా బాగుండేది.

26 ఫిబ్రవరి, సోమవారం

నాకు బాధగా ఉంది.

28 ఫిబ్రవరి, బుధవారం

సోములు నిన్నటి నుంచి సెలవు. సెలవుచీటీ పద్ధతిగా రాసి ఇచ్చాడు: కుమార్తె వివాహ నిమిత్తము.

3 మార్చి, శనివారం

ఇది వివరంగా రాయాలి.

పొద్దున్నే నోటీసులు రెండూ నా చేత్తో నేనే పీకేశాను. గేటు దగ్గరది గోరుకి ఒక పట్టాన రాలేదు. వాచ్‌మన్ చూస్తున్నాడు. చూడనీ. అక్కణ్నించి ఇంటికెళ్లి గంపని కారు మీదకెక్కించి మా ఫ్యాక్టరీ పురికొసతోనే బిగించాను. సుభద్ర చీర సంచిలో పెట్టుకుని ముందు సీట్లో కూర్చుంది. కారు వెనకాల పిల్లలు అరుచుకుంటూ పరిగెత్తారు. నేను హారన్ కొట్టుకుంటూ పోయాను.

మధ్యాహ్నానికి పందిట్లో దిగాం. సోములు నిచ్చెన మీద నిలబడి మామిడాకులు కడుతున్నాడు. దిగొచ్చాడు.

"ఏటి సార్ ఇది?"

"గంప."

"గంప తెప్పించినాం సార్. నూకయ్యగారు కూడా వచ్చీసినారు."

షీబా నిన్న ఫోన్‌లో చెప్పింది, ఎదుటివాళ్లని అనకుండా మీకు అనిపిస్తున్నది మీరు చెప్పండి అని. కారులో వస్తూ పాఠంలా వల్లెవేసుకున్నాను. "సోములు గారూ, ఈ విషయంలో నా భావాలు ఏమిటంటే..." అని మొదలుపెట్టాను. వాడు చేతులు కట్టుకుని, తల వంచి, "సెప్పండి సార్" అన్నాడు.

ఆ చేతులు కట్టుకోవడం చూసేసరికి పాఠమంతా పోయింది.

"ఒరే బావా! సెయ్యి దించరా! నీ కూతురు సీమిడి తుడిసినది నా సొక్కాకి, ఆ నూకయ్య సొక్కాకి కాదు! గంప నాది!"

వంటవాళ్లు గరిటెలు ఆపేశారు. సోములు మొహం ఎర్రబడింది. చేతులు దించాడు. తర్వాత నోరు తెరిచాడు.

"బావంట, బావ! గేటుకి కాయితం అంటించిననాడు ఎక్కడికి పోనాడ్రా ఈ బావ? నీకు నానేటి తక్కువ సేసినాను? సుట్టరికం తెగిపోనాదని దారిన పోయీవోళ్లకి కూడా సదివించినావు. నీ సెల్లెలు సంతకెల్లి వస్తా ఎవుడి సేతో సదివించుకున్నాది. ఇంటికొచ్చి, నాకున్న ఒక్క అన్నా నేకుండా పోనాడని, పొయ్యి కాడ కూకుని ఏడిసినాది. తెలుసా నీకు?"

"అది ఫ్యాక్టరీ వరకేరా!"

"సుట్టరికానికి గేటు ఉంటాదేటి? లోపలికెళ్తే సారూ, బయటికొస్తే బావా? ఏటనుకుంటన్నావు నువ్వు?"

"నిన్ను ఎనిమిదింటి దాకా ఆపుతన్నానని ఆవిడ తిట్టింది. నిన్నాపకూడదనే సేసినాను!"

"ఆపనేదా? ముందు బావా అని ఆపీవోడివి. ఇపుడు గారూ అని ఆపతన్నావు. బావయితే తిట్టుకుంటా ఉండీవోణ్ని. సార్‌ని తిట్టనేను కదరా! తిట్టకుండా ఎలాగ ఉండీది అంతసేపు? ఇంకోటి కూడా సెప్తన్నాను, అందరి ముందరా ఇను. ఇకమీదట నాను ఆరింటికి ఎలిపోతాను. బావా అను, సారూ అను, దేవుడా అను. ఎలిపోతాను!"

"ఎల్లు! ఎవుడాపినాడు?"

"నువ్వే!"

ఎవరో నవ్వారు. తర్వాత అందరూ నవ్వారు. మేమిద్దరం మాత్రం కోడిపుంజుల్లా రొప్పుతూ నిలబడ్డాం. లక్ష్మణమ్మ చేతికి పసుపుతో లోపల్నుంచి వచ్చింది.

"సాల్లే, ఇద్దరూ నోరు ముయ్యండి. పెళ్లివారు ఇన్నారంటే పరువు పోతాది. అన్నా, అలగ సూస్తావేటి, గంప దించు."

అన్నా అంది. నేను కారు వైపు తిరిగి ముళ్లు విప్పడం మొదలుపెట్టాను. ముళ్లు కనపడలేదు. కళ్లలో నీళ్లు. నేనెప్పుడూ ఏడవనని అందరితో అంటుంటాను. ఈవేళ ఊరందరి ముందూ ఏడ్చాను. రాసుకోవడానికి నాకేం సిగ్గు లేదు.

నూకయ్య వచ్చి గంప రెండో పక్క పట్టుకున్నాడు. "నాకూ మోకాళ్లు బాగునేవు బాబూ. ఎలాగ ఎత్తడమా అని బెంగెట్టుకున్నాను. నువ్వో పక్క పట్టు, నానో పక్క పడతాను," అన్నాడు. మంచి మనిషి. నేననుకున్నట్టు కాదు.

4 మార్చి, ఆదివారం

ఎత్తాం.

పొద్దుటి ముహూర్తం. ఈశ్వరి మా చీరే కట్టుకుంది. గంపలో కూర్చోగానే తెలిసింది, చెవులు కుట్టించుకున్న పిల్ల కాదిది. నడుం కలుక్కుమంది. నూకయ్య అటు, నేను ఇటు. సగం దూరంలో ఆగి ఊపిరి తీసుకుంటుంటే అది తల వంచుకునే, పెదవి కదపకుండా అంది. "మావా, ఎనిమిదింటి దాకా ఇక్కడే ఉండిపోమంటావేటి?"

నవ్వొచ్చి గంప వదిలేసేవాణ్నే. వెనకనుంచి సోములు అరిచాడు. "ఒరే బావా, నా కూతుర్ని పడీసినావంటే నీ పని సెప్తాను!"

పడెయ్యలేదు. మండపం దాకా మోశాను. ఈ నడుంనొప్పి ఎన్నాళ్లున్నా ఫరవాలేదు.

షీబా కూడా వచ్చింది. భోజనాల దగ్గర సోములు పక్కనే కూర్చుని చాలాసేపు మాట్లాడింది. ఏం మాట్లాడుకున్నారో నాకు చెప్పలేదు. నేనూ అడగలేదు.

12 మార్చి, సోమవారం

సోములు ఈవేళ పనిలోకి వచ్చాడు. వస్తూనే రాయగడ పార్టీ కొత్త ఆర్డరు చూసి, "ఏటిరా, బుర్ర నేదేటి నీకు? కుదర్దని సెప్పు," అన్నాడు. అరగంట గొడవపడ్డాం. కుదరదని ఫోన్ చేసి చెప్పాను. బీపీ ఎంతుందో చూసుకోలేదు.

టీ షెడ్డులో నన్ను చూసి బజ్జీలు దాచేశారు. వెతికి తిన్నాను. నూనె బాగుంది.

సాయంత్రం బిల్లులు చూసుకుంటుంటే సోములు గుమ్మంలోకి వచ్చాడు. భుజాన సంచి ఉంది. అలవాటుకొద్దీ "బావా, కాసేపు ఉండిపో" అని నోటిదాకా వచ్చింది, మింగేశాను. వాడు గోడ గడియారం చూపించాడు. సరిగ్గా ఆరు.

"ఒరే బావా, నాను ఎల్తన్నాను. లైట్లు నువ్వే ఆర్పీసి రా."

అన్ని షెడ్లూ తిరిగి ఒక్కొక్కటే ఆర్పాను.